ఎర్ర టిక్కుల కాగితం

పెన్సిల్వేనియా కొండల్లో ఒక ఊరి అగ్నిమాపక దళం వారి హాలు. శనివారం, మధ్యాహ్నం రెండు దాటింది. వరసగా వేసిన బల్లల మీద అమ్మకానికి పెట్టిన, ఆటగాళ్ళ ఫొటోలూ నంబర్లూ ఉన్న పాత బేస్‌బాల్ కార్డులు. చివరి బల్ల ముందు, అట్టపెట్టెల మీదికి వంగి అక్క లొరెయిన్, తమ్ముడు డ్వేన్. బల్ల తాలూకు ముసలాయన తిండి తెచ్చుకోవడానికి వంటగదివైపు వెళ్ళాడు.

“నడుం వంచి వెతకరా డ్వేన్. నిలబడి చూస్తే నీ దగ్గరికి నడిచొస్తాయా కార్డులు?”

“వంగలేనక్కా. నా నడుం సంగతి నీకు తెలుసుగా.”

“నాకేం ఖర్మ, ఈ జిల్లాలో మందుల షాపులన్నిటికీ తెలుసు. ఇంకో మాట. అక్కా అనకు.”

“వినడానికి ఇక్కడెవరున్నారు?”

“ఈ హాల్లో సగంమంది నాన్నని ఎరుగుదురు. స్టష్ పిల్లలిద్దరూ పంతొమ్మిదివందల యాభై ఏడు నాటి కార్డులు ఏరుకుంటున్నారని ఒక్కడి చెవిన పడితే చాలు, మనం కారెక్కేలోపు ఆ కబురు నాన్న మంచం దగ్గరుంటుంది. పొద్దున కార్లో ఏం చెప్పాను నీకు?”

“ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేస్తున్నాం. మా మేనేజరు రిటైరవుతున్నాడు. ఆయనకి బహుమతి.”

“అదే చెప్పు. ఇంటిపేరు ఎత్తకు. ఈ ముసలాయన బోర్డు మీద ఒహాయో అని ఉంది. పరాయివాడు. కాస్త నిదానంగా వెతకొచ్చు.”

“పరాయివాడు గనకే బల్ల మనకి అప్పజెప్పి వెళ్ళాడు. ‘కాస్త చూస్తుండు నాయనా’ అన్నాడు నాతో.”

“దొంగచేతికి తాళాలిచ్చినట్టుంది.”

“ఇదిగో, ఇది నూటపదకొండోది. ఇవాళ పొద్దున్నుంచి నువ్వు నన్ను దొంగ అనడం.”

“తప్పా?”

“తప్పు కాదు. లెక్క చెప్తున్నా.”

“లెక్క తర్వాత చెబుదువుగాని, కాగితం తియ్యి. ఇంకా ఏవేవి కావాలి?”

“ఆరే, పెన్సిలుతో సున్నా చుట్టినవి. రెండొందల డెబ్భై ఒకటి, ఎనభై నాలుగు, తొంభై ఎనిమిది. మూడొందల పన్నెండు, ముప్పై, నలభై ఒకటి. అన్నీ మధ్యలోవే. ఆ ఏడు మధ్య నంబర్లు తక్కువ అచ్చేశారట. అందుకే ఏడిపిస్తున్నాయి.”

“ఏడిపిస్తున్నది నంబర్లు కాదు. నాలుగు గంటలకి హాలు మూసేస్తారు. ఆరింటికి చర్చి ఫాదరు ఇంటికొస్తున్నాడు. నూనె రాసి ఆఖరి ప్రార్థన చేస్తే ఇక... అంతకుముందే పెట్టె ఒళ్ళో పెట్టమన్నాడు నాన్న.”

“అదే నాకు అర్థం కాదు. ముప్పై తొమ్మిదేళ్ళు ఎవర్నీ ముట్టుకోనివ్వని పెట్టె. ఇవాళ ఎందుకు?”

“తెరిచి మనిద్దరికీ ఒక మాట చెప్పాలట.”

“ఏం మాట?”

“ఏముంటుంది? పెట్టె ఎవరికివ్వాలో చెప్తాడు.”

“నీకేలే.”

“నాకొద్దు. నాకేం వద్దురా. ఆ మనిషి పెట్టె తెరిస్తే లోపల తన కార్డులుండాలి. కొడుకు తన మంచం కిందనించి పెట్టె ఎత్తుకెళ్ళి లోపలి కార్డులు అమ్ముకున్నాడని తెలిసి పోకూడదు. అంతే నాకు కావలసింది. నీ పరువు కోసం కాదు సుమా. ఆయన కోసం.”

“తెలుసు. నువ్వేదీ నా కోసం చెయ్యవు.”

“పద్నాలుగు నెలలుగా ప్రతి శనివారం ఇలా హాళ్ళ వెంట తిరుగుతున్నది ఎవరు మరి? నాలుగొందల ఒక్క కార్డు కొన్నది ఎవరి జీతంతో? రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని, కళ్ళు పొడుచుకుని నంబర్లు చూస్తున్నది ఎవరు? పైగా పెట్టె నా ఇంట్లో భద్రంగా ఉందని నా నోటితో నాన్నకి అబద్ధం చెప్పించావు.”

“నువ్వే. అన్నీ నువ్వే. నేను కాదన్నానా?”

“అనలేవు.”

“దొరికింది!”

“ఏదీ?”

“మూడొందల నలభై ఒకటి. చూడు, ఏదైనా డాలరే అనే పెట్టెలోనే ఉంది. నీ అదృష్టం.”

“ఇటివ్వు... ఒరేయ్, ఇదేంటిది? నడిమధ్యన మడత. నాలుగు మూలలూ అరిగిపోయి గుండ్రమయ్యాయి. పైగా ఎవడో పెన్నుతో మీసం పెట్టాడు.”

“మీసం చిన్నదేగా.”

“మీసం చిన్నదేనట! పెట్టు లోపల. నాన్న కార్డుకి మీసమా?”

“నాన్నకి ఇప్పుడు చూపెంతని?”

“చూపు తగ్గింది. వేళ్ళు తగ్గలేదు. మిల్లులో యంత్రం తిన్నాక ఎడంచేతికి మూడే మిగిలినా ఆ మూడే చాలు. మడత ఉంటే అలా తడిమి పసిగట్టేస్తాడు.”

“నేనమ్మినవాటికీ మడతలున్నాయి.”

“మళ్ళీ మొదలుపెట్టావా?”

“ఉన్నాయక్కా. కొన్నవాడు నా కళ్ళ ముందే ఒక్కొక్కటీ తీసి చూపించాడు. ఇది మడత, ఇది జిగురు, ఇది గోడకి గుచ్చిన పిన్ను కన్నం, ఇది రబ్బరుబ్యాండు కోసిన గాటు. నాలుగొందల ఆరుకీ కలిపి నూటయాభై. ఇష్టముంటే ఇచ్చి వెళ్ళు, లేకపోతే మోసుకుపో అన్నాడు.”

“నాలుగొందల ఏడు.”

“ఆరు. వాడు రెండుసార్లు లెక్కపెట్టాడు.”

“వాడు లెక్కపెడుతుంటే నువ్వెక్కడున్నావు? మత్తులో జోగుతున్నావు. నాన్న కార్డులకి మడతలా! చేతులు సబ్బుతో కడిగి, తువ్వాలుతో తుడిచి, గోళ్ళు చూపిస్తేనే ముట్టుకోనిచ్చేవాడు. అమ్మ కాఫీకప్పుతో వస్తే అటే ఆగమనేవాడు. ఆ మనిషి దగ్గర జిగురు కార్డులా? వేలకి అమ్మి, ఆ మాత్రలన్నీ మింగేసి, నూటయాభై అంటే నమ్మడానికి నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?”

“నూటయాభయ్యే. అమ్మ మీద ఒట్టు.”

“పోయినావిడని ఇందులోకి లాగకు.”

“సరే, లాగను. ఒక్కటి చెప్పు. ఆ కార్డుల్ని నువ్వు చివరిసారి కళ్ళతో చూసిందెప్పుడు?”

“చిన్నప్పుడు. ప్రతి ఆదివారం. చర్చి నుంచి రాగానే వంటింటి బల్ల మీద పరిచేవాడుగా. మన పైరేట్స్ జట్టువి ఒక వరస, తతిమ్మా జట్లవి ఒక వరస.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత తాళం వేశాడు. నీ మూలానే. ఎప్పుడు చూసినా నీ చేతులకి జామే.”

“జామేంటక్కా, నాకప్పటికి పన్నెండేళ్ళు. బాగా గుర్తుంది నాకు. నువ్వు నర్సింగుకి వెళ్ళిన ఏడాది. చర్చి నుంచి వచ్చి చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నా. ‘ఇవాళ కాదురా’ అన్నాడు. మరుసటి ఆదివారం కూడా అదే మాట. ఆ తర్వాత నేను అడగడం మానేశా.”

“నా నర్సింగు సంగతి ఎందుకిప్పుడు?”

“అది కాదు, ఏ ఏడాదో చెప్తున్నా.”

“చెప్పక్కర్లేదు. నా చదువు నేను చదువుకున్నాను. మిల్లు కార్మికుల యూనియన్ వాళ్ళ స్కాలర్‌షిప్పు. రెండువేల రెండొందల నలభై డాలర్లు. నాన్న దగ్గర ఒక్క డాలరు తీసుకుని ఎరగను. నా చేతులు శుభ్రం.”

“మిల్లు మూతపడ్డ రెండేళ్ళకి యూనియన్ దగ్గర డబ్బెక్కడిది?”

“ఏదో నిధి ఉంది. ఉండబట్టే ఇచ్చారు. ‘జిల్లా మొత్తానికి మిమ్మల్ని ఒక్కర్నే ఎంపిక చేశాము’ అని ఉత్తరం కూడా ఉంది. నాన్న ఆ కవరు తెచ్చి నా చేతిలో పెట్టి వంటింట్లో నిలబడి ఏడ్చాడు. గర్వంతో.”

“ఎరుగుదును. ఆ ఉత్తరం ఫ్రేము కట్టించి మీ ఇంటి హాల్లో పెట్టావుగా. ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ విందులో టర్కీ కంటే ముందు అదే వడ్డిస్తావు.”

“వడ్డిస్తాను. ఎందుకంటే ఆ ఇంట్లో గర్వపడటానికి నాన్నకి అదొక్కటే మిగిలింది. రెండోది నువ్వు కదా మరి.”

“ఈ పెట్టెలో చూస్తున్నా. రెండొందల డెబ్భై ఒకటి. కన్నం ఉంది. పక్కన పెట్టనా?”

“ఎక్కడ కన్నం?”

“నుదుటి మీద. పిన్ను గుచ్చారెవరో.”

“వద్దు. ఇదిగో, ఇక్కడ ప్లాస్టిక్ తొడుగులో తొంభై ఎనిమిది ఉంది. చూడు, ఎంత శుభ్రంగా ఉందో. ఇదీ నాన్న కార్డంటే.”

“రేటు చూశావా? ఒక్కదానికి అంతా? ఆ డబ్బుతో మడతలున్నవైతే ఆరూ కొని, కారుకి పెట్రోలు పోయించి, మనిద్దరం తలో హలుప్కీ తినొచ్చు. ఆ క్యాబేజీ చుట్టల వాసన హాలంతా కొడుతోంది. పొద్దున్నుంచి ఏం తినలేదు.”

“తిండి! తండ్రి మంచాన పడి ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే నీకు తిండి మీద ధ్యాస.”

“ఆకలేస్తోందన్నా. తింటానన్లేదు.”

“చవకవి కొందామని నాకు మాత్రం ఉండదా? పెట్టెలన్నీ తిరగేసేది అందుకేగా. చవకగా దొరకాలి, చూడ్డానికి చెడ్డగా ఉండకూడదు. అట్లా ఒకటో రెండో దొరుకుతాయి. మొత్తం మీసాలూ కన్నాలూ పెట్టి నింపితే నాన్నకి పెట్టె మూత తియ్యగానే తెలిసిపోతుంది.”

“తెలీదు. నేనమ్మినవీ ఇలాంటివే గనక.”

“మళ్ళీ అదే పాట!”

“నేనొకటి అడగనా? కోప్పడనంటేనే.”

“కోప్పడతాను. అడుగు.”

“ఈ కాగితం. నాన్న బీరువా సొరుగులో దొరికినప్పుడు నువ్వేమన్నావు? చిన్నప్పుడు రాసుకున్న లిస్టు అన్నావు.”

“అవును. ఒక్కో కార్డు దొరికినప్పుడల్లా ఒక్కో ఎర్ర టిక్కు. పిల్లలందరూ అట్లాగే పెట్టుకునేవాళ్ళు.”

“చిన్నప్పుడు రాసుకున్నదైతే వెనకాల ఎనభై అయిదో సంవత్సరం క్యాలెండరెందుకుంది? అప్పటికి నాన్నకి నలభై రెండు.”

“ఎన్నున్నాయో మళ్ళీ సరిచూసుకున్నాడేమో!”

“మరి మూడొందల పన్నెండుకి టిక్కెందుకు లేదు?”

“మర్చిపోయుంటాడు.”

“నాన్నా? మర్చిపోవడమా?”

“ఒరేయ్, నువ్వు ఇంత తెలివి ఆ రోజు పెట్టె ఎత్తేముందు చూపిస్తే మనమిప్పుడు ఇక్కడ ఉండేవాళ్ళం కాదు. కాగితం మడిచి జేబులో పెట్టు. ముసలాయన వస్తున్నాడు. అక్కా అన్నావంటే చూడు.”

“అననులే.”

“దొరికాయామ్మా ఏవైనా? కూర్చోండి, కుర్చీలున్నాయి. నాయనా, నడుం పట్టుకున్నావు, నువ్వు ముందు కూర్చో. నా పేరు యోస్ట్. ఇదిగో, నాలుగు హలుప్కీలిచ్చింది వంటగదిలో పెద్దావిడ. నేను రెండుకి మించి తినలేను.”

“వద్దండీ, ఇప్పుడే తిన్నాం.”

“నేను తీసుకుంటానండీ. ఆవిడ తిన్నది.”

“తిను నాయనా, తిను. మొగుడూ పెళ్ళాలా?”

“ఛ, కాదండీ! ఒకే ఆఫీసులో పనిచేస్తాం. మా మేనేజరు రిటైరవుతున్నాడు. ఆయనకి యాభై ఏడు సెట్టు బహుమతిగా ఇద్దామని.”

“అలాగా. ఇందాక దూరంనుంచి చూస్తే మీ గొడవ బాగా దగ్గరివాళ్ళ గొడవలా ఉంటేనూ. మడతలున్నవన్నీ వెనక్కి పెట్టేశారే!”

“మాకు కాస్త శుభ్రమైనవి కావాలండీ. మా మేనేజరు చాలా పట్టింపు మనిషి.”

“నీ ఇష్టమమ్మా. నాకు మాత్రం మడత కార్డులంటేనే ప్రాణం. పిల్లలు జేబులో పెట్టుకుని తిరిగినవవి. శుభ్రంగా ఉన్నదాన్ని ఎవడూ ప్రేమించలేదని అర్థం, అనేది మా ఆవిడ.”

“అందరూ అట్లా ఉండర్లెండి. కొందరు ప్రేమిస్తేనే శుభ్రంగా ఉంచుతారు.”

“ఉంటారు, ఉంటారు. అట్లాంటి మనిషిని ఒక్కణ్ణి చూశాను నేను. ఇదే హాల్లో.”

“మీరు ఒహాయో వాళ్ళు కదండీ?”

“ఇప్పుడు. మా ఆవిడ పోయాక కూతురి దగ్గరికి వెళ్ళిపోయాను. అంతకుముందు ఈ ఊరే. నా బల్ల ఆ కిటికీ పక్కన ఉండేది. ఇరవై మూడేళ్ళ తర్వాత ఇవాళే ఈ హాల్లో కాలుపెట్టడం. తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తారేమోనని వచ్చాను. ఒక్కడూ లేడు. సరే, ఏ నంబర్లు కావాలి? కారులో ఇంకో రెండు పెట్టెలున్నాయి.”

“నేను చెప్తానండీ. రెండొందల డెబ్భై ఒకటి, ఎనభై నాలుగు...”

“నోటితో చెబితే నిలవవమ్మా. డెబ్భై తొమ్మిదేళ్ళ బుర్ర ఇది. లిస్టు ఏదైనా ఉందా?”

“లిస్టేం లేదండీ.”

“ఉందిగా లొరెయిన్, నా జేబులో. ఇదిగోనండీ.”

“డ్వేన్!”

“చూడనీ. మూడుకావస్తోంది.”

“ఏమైందండీ? ఆ కాగితాన్ని అట్లా చూస్తున్నారు?”

“ఈ కాగితం మీకెక్కడిది?”

“అదా? అది... ఎక్కడో పాత సామాన్లమ్ముతుంటే దొరికింది. ఒక ఇంటి ముందు. అట్టపెట్టెలో పుస్తకాల మధ్య.”

“ఏ ఇంటి ముందు?”

“గుర్తులేదండీ. నది అవతల అనుకుంటా. ఎందుకు?”

“ఇల్లు ఖాళీ చేసి సామాన్లు అమ్మేస్తున్నారన్నమాట. అయితే పోయాడు. స్టష్ పోయాడు. చూడు, నాకు ఎవరూ కబురు చెయ్యలేదు.”

“ఎవరు పోయారండీ?”

“ఈ కాగితం తాలూకు మనిషి నాయనా. ఎడంచేతికి మూడే వేళ్ళు. ఈ టిక్కులన్నీ నా బల్ల మీద పెట్టినవే. నా ఎర్రపెన్నుతో. ఎప్పుడొచ్చినా పెన్ను అడిగేవాడు, ఎప్పుడూ తిరిగిచ్చేవాడు.”

“మీ బల్ల మీదా?”

“పదిహేనేళ్ళమ్మా. నెలకోసారి. ఒక్కోసారి మూడు కార్డులు, ఒక్కోసారి రెండు. డాలరు పెట్టెలో వెతికి వెతికి, మడతలున్నవి, మీసాలున్నవి, వెనక జిగురంటి చిరిగినవి ఏరుకునేవాడు. వాటిల్లో కూడా అన్నిటికంటే చవకది.”

“మీరు వేరే ఎవరినో అనుకుంటున్నారు. ఆయన మడత కార్డులు కొనే మనిషి కాదు.”

“నువ్వు చూశావామ్మా ఆయన్ని?”

“లేదు. లేదండీ. అంటే... ఈ లిస్టు చూస్తే అట్లా అనిపించింది.”

“చెప్పనీ లొరెయిన్. మీరు చెప్పండి సార్. మడత కార్డులు ఎందుకు కొనేవాడు?”

“మంచివి నాకే అమ్మేశాడు గనక.”

“అమ్మేశాడా?”

“ఎనభై నాలుగు ఆగస్టులో. మొత్తం సెట్టు. నాలుగొందల ఏడు. జేబురుమాలు పరిచి దాని మీద పెట్టాడు. నా జన్మలో అంత శుభ్రమైన సెట్టు మళ్ళీ చూడలేదు. ఒక్క గీత లేదు, ఒక్క మడత లేదు. రేటు చెప్పు స్టష్ అన్నాను. బేరమే ఆడలేదు. జేబులోంచి ఒక కాలేజీ కాగితం తీసి, ఇందులో ఎంతుందో అంతే ఇవ్వమన్నాడు. అంతకంటే ఎక్కువ పలుకుతాయని నాకు తెలుసు. చెప్పలేదు. నాకూ కొత్త కొట్టు, నాకూ పిల్లలు. అది నా మీద ఉండిపోయింది.”

“ఎంతుంది అందులో?”

“రెండువేల రెండొందల నలభై.”

“ఎంతన్నారండీ?”

“రెండువేల రెండొందల నలభై నాయనా. మర్చిపోయే అంకె కాదు అది నాకు. మిల్లు మూసేసి రెండేళ్ళు. ఆ చేతికి ఎవరూ పనివ్వలేదు. కూతురికి నర్సింగులో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరు.”

“కాదు.”

“ఏది కాదమ్మా?”

“వాళ్ళకి... అట్లాంటివాళ్ళకి యూనియన్లు సాయం చేస్తాయి కదండీ. స్కాలర్‌షిప్పులు ఉంటాయి.”

“ఏ యూనియనమ్మా? ఆఫీసుకి తాళం వేసి అప్పటికే ఏడాది. కానీ చూడు, అదే ఆలోచన వచ్చింది ఆయనకి. కార్డులు అమ్మానని తెలిస్తే ఆ పిల్ల చదువే మానేస్తుంది, పొగరుది, ఎవరి దగ్గరా చెయ్యి చాపదు అన్నాడు. యూనియన్ ఇచ్చిందని చెప్తానన్నాడు. ఉత్తరం మా ఆవిడ డాట్ టైపు కొట్టింది. మా వంటింట్లో. ‘జిల్లా మొత్తానికి మిమ్మల్ని ఒక్కర్నే ఎంపిక చేశాము’ అన్న ముక్క స్టష్‌ది కాదు. డాట్ కలిపింది. పిల్ల సంతోషిస్తుంది, ఉండనీండి అని.”

“సార్, మరి ఆ మడతలవి...”

“రెండు నెలలకి మళ్ళీ వచ్చాడు. ఎందుకయ్యా ఈ చెత్త అన్నాను. ‘పెట్టె ఖాళీగా ఉంటే ఎత్తగానే తెలిసిపోతుంది. పిల్లలు ఎత్తి చూస్తారు’ అన్నాడు. ఊడ్చే పని దొరికింది అప్పటికి, బడిలో. ఆ జీతంలోంచి. మొదట బరువు కోసమే కొన్నాడు. తర్వాత్తర్వాత నంబర్లు చూసుకోవడం మొదలెట్టాడు. ఏనాటికైనా పూర్తిచేసి, పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, పెట్టె తెరిచి చెప్తానన్నాడు. ఒక్కటి మిగిలిపోయింది.”

“మూడొందల పన్నెండు.”

“అవును నాయనా, మూడొందల పన్నెండు. నేను ఒహాయో వెళ్ళాక దొరికింది నాకు. ఎవరికీ అమ్మలేదు. ఇవాళ వస్తాడేమోనని జేబులో పెట్టుకుని వచ్చాను. ఇదిగో. మూల చిరిగింది, చూశావా? వెనక ఎవరో పిల్లాడు తన పేరు రాసుకున్నాడు. ఆయనకి నచ్చేది.”

“అంటే ఆ పెట్టెలో నాలుగొందల ఆరు ఉంటాయి. అన్నీ మడతలే.”

“అన్నీ మడతలే. ఎవడైనా ఆ పెట్టె కొని ఉంటే పాపం, నూరో నూటయాభయ్యో ఇచ్చి ఉంటాడు.”

“నూటయాభై.”

“నీకెలా తెలుసు?”

“ఊరికే. అందాజాగా అన్నాను.”

“డ్వేన్, వెళ్దాం పద.”

“కూర్చో. ఆయన ఇంకా చెప్తున్నాడు.”

“నాకిక్కడ ఊపిరాడ్డం లేదు. పద.”

“ఉండమ్మా, వెళ్దురుగాని. నీ మొహం పాలిపోయింది, కాస్త కాఫీ తాగు. ఈ కార్డుకి డబ్బొద్దు. మీ మేనేజరుకే ఇవ్వండి. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టేయించుకున్నాడు, అందులోనూ ఆ పిల్లకి అస్సలు తెలియకూడదని. మనిషే పోయాక ఇంకేం ఒట్టు. కానీ ఒక్కటుంది. నేను ఆ డబ్బు ఎక్కువ ఇవ్వలేదు చూడు, అది ఇన్నేళ్ళూ మెదులుతూనే ఉంది. మీరు ఆ సామాన్లు కొన్నప్పుడు ఇంట్లో యాభై దాటిన ఆడమనిషి ఎవరైనా కనిపించిందా? ఆ పిల్ల చివరికి నర్సయిందా, లేదా? అమ్మా, నీకేమైనా తెలుసా?”

“అక్కా, నిన్నే అడుగుతున్నారు. చెప్పు.”